ఇన్‌ఫీల్డ్ ముందుకా, వెనక్కా? బేస్‌బాల్ సిమ్ (సిమ్యులేషన్) గేముల్లో ఫీల్డర్లను ఎప్పుడు ఎక్కడ పెట్టాలి

థర్డ్ బేస్ మీద రన్నర్ కనబడగానే ఆలోచించకుండా ‘ఇన్‌ఫీల్డ్ ఇన్’ (బేసుల దగ్గరి ఫీల్డర్లని బ్యాటర్ వైపు ముందుకు తేవడం) బటన్ నొక్కేవాళ్లు కొందరుంటారు. అసలు ఆ మెనూ తెరవకుండానే సీజన్ మొత్తం ఆడేసేవాళ్లు ఇంకొందరు. ఈ రెండిట్లో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదంటే రెండోవాళ్లలా ఆడండి, నష్టం తక్కువ. కానీ మధ్యలో ఒక దారి ఉంది, పెద్ద కష్టమైంది కూడా కాదు. చాలా సందర్భాల్లో మామూలు పొజిషన్లే సరైనవి, నిజంగా బుర్ర పెట్టాల్సిన సందర్భాలు ఓ నాలుగైదు ఉంటాయి, వాటిని గుర్తుపడితే చాలు.

ఫీల్డర్‌ని జరపడమంటే ఒక సందు మూసి ఇంకో సందు తెరవడమే. క్రికెట్‌లో స్లిప్ నుంచి ఒకణ్ని తీసి బౌండరీకి పంపగానే బంతి సరిగ్గా ఆ స్లిప్‌లోంచే వెళ్లడం మనందరం చూసిందే కదా, ఇక్కడా అంతే. అందుకే ‘ఏ పొజిషన్ మంచిది’ అన్న ప్రశ్న కన్నా ‘ఇది నాకు ఏం ఇస్తోంది, బదులుగా ఏం తీసుకుంటోంది’ అన్న లెక్క ముఖ్యం. ఆ లెక్కకి కొన్ని అంకెలు కావాలి.

ఫలానా బేస్ మీద రన్నర్ ఉండి, ఫలానా సంఖ్యలో ఔట్లు అయి ఉంటే ఆ ఇన్నింగ్‌లో ఇంకా సగటున ఎన్ని పరుగులు వస్తాయో చెప్పే పట్టికలు అమెరికా మేజర్ లీగ్ మ్యాచ్‌ల నుంచి చాలాకాలంగా తయారవుతున్నాయి. సీజన్‌ని బట్టి అంకెలు కాస్త అటూఇటూ మారతాయి, కాబట్టి కిందివి ఉజ్జాయింపుగానే తీసుకోండి. బేసులు ఖాళీగా ఉంటే: ఔట్లు లేనప్పుడు 0.48, ఒక ఔట్‌కి 0.25, రెండు ఔట్లకి 0.10. ఫస్ట్ మీద రన్నర్ ఉంటే అదే వరసలో 0.86, 0.51, 0.22. థర్డ్ మీద ఉంటే 1.35, 0.95, 0.36. మీ సిమ్ నిజమైన సీజన్ గణాంకాల మీద నడిచేదైతే ఈ అంకెలకి దగ్గరగానే ప్రవర్తిస్తుంది.

ఇన్‌ఫీల్డ్ ఇన్: ఒక ఔట్‌కి ఔను, ఔట్లు లేనప్పుడు కాదు

ముందుగా ఒక ఔట్, థర్డ్ మీద మాత్రమే రన్నర్ అనుకోండి. మామూలు లోతులో ఉన్నారు, గ్రౌండర్ (నేల మీద దొర్లే బంతి) వచ్చింది, ఫస్ట్‌కి విసిరి ఔట్ చేశారు, ఈలోపు రన్నర్ హోమ్ (చేరితే పరుగు వచ్చే బేస్) చేరాడు. వచ్చిన పరుగు 1, మిగిలిన ఇన్నింగ్ విలువ 0.10, మొత్తం 1.10. అదే ఇన్‌ఫీల్డ్ ముందుంటే రన్నర్ కదల్లేదు, బ్యాటర్ ఔట్, విలువ 0.36. అంటే ఆపిన ప్రతిసారీ మీకు మిగిలేది సుమారు 0.74 పరుగు. ఇప్పుడు రెండోవైపు చూడండి. మామూలుగా ఔట్ అయ్యే బంతి, ఫీల్డర్ దగ్గరగా ఉన్నందువల్ల పక్కనుంచి జారి సింగిల్ (బ్యాటర్ ఫస్ట్ చేరే హిట్) అయింది. పరుగు వచ్చింది, ఫస్ట్ మీద రన్నర్, ఇంకా ఒకటే ఔట్, మొత్తం 1.51. అదనంగా పోయింది 0.41. అంటే మీరు ఆపిన ఒక్కోదానికి దాదాపు రెండు జారిపోయినా లెక్క సరిపోతుంది. ఇది మంచి బేరం.

ఇప్పుడు అదే సీన్, కానీ ఔట్లు ఏమీ లేవు. మామూలు లోతులో గ్రౌండర్ ఔట్ అయితే 1 పరుగు, దానికి 0.25 కలిపితే 1.25. ఇన్‌ఫీల్డ్ ముందుండి ఆపితే రన్నర్ ఇంకా థర్డ్ మీదే, ఒక ఔట్, అంటే 0.95. మిగిలింది 0.30 మాత్రమే, ఎందుకంటే ఆ రన్నర్ తర్వాతి ఇద్దరు బ్యాటర్లలో ఎవరో ఒకరి చేతుల మీదుగా ఎలాగూ వచ్చే అవకాశం గట్టిగా ఉంది. జారిపోతే మాత్రం 1.86, అంటే 0.61 నష్టం. ఒకటి జారితే రెండు ఆపాలి. బేరం పూర్తిగా తలకిందులైంది. మూడో ఇన్నింగ్‌లో ఔట్లు లేకుండా థర్డ్ మీద రన్నర్ ఉన్నాడని అందర్నీ ముందుకు లాగేసేవాళ్లు ఒక పరుగు ఆపబోయి మూడు ఇచ్చుకోవడానికి కారణం ఇదే. సెకండ్, థర్డ్ రెండింటి మీదా రన్నర్లు ఉంటే ఇంకా జాగ్రత్త, ఎందుకంటే ఒక్క సింగిల్ చాలావరకు రెండు పరుగులు తెస్తుంది. ఒక ఔట్ ఉన్నప్పుడు కూడా ఆపితే లాభం 0.78 దాకా ఉంటుంది గానీ జారితే నష్టం 1.15 దాకా పోతుంది. రెండు ఔట్లప్పుడు ఈ ప్రశ్నే లేదు, బ్యాటర్‌ని ఫస్ట్ దగ్గర ఔట్ చేస్తే పరుగు లెక్కలోకే రాదు కాబట్టి వెనక్కి ఉండండి.

ఇది సగటు లెక్క, దీన్ని కదిపే విషయాలు మూడున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం పిచ్చర్. గ్రౌండర్లు ఎక్కువ తెప్పించే పిచ్చర్ అయితేనే ఇన్‌ఫీల్డ్ ఇన్‌కి అర్థం ఉంది. ఫ్లై బాల్ పిచ్చర్‌ని పెట్టుకుని ఇన్‌ఫీల్డ్‌ని ముందుకు లాగితే బంతి వాళ్ల తలల మీదుగా వెళ్తుంది, రన్నర్ సాక్రిఫైస్ ఫ్లై మీద, అంటే క్యాచ్ పట్టాక పరిగెత్తి, తీరిగ్గా వస్తాడు. రెండోది మీ షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేసుల మధ్య ఉండేవాడు), సెకండ్ బేస్‌మన్‌ల రేంజ్. దగ్గరగా నిలబడితే స్పందించే సమయం తగ్గుతుంది కాబట్టి మామూలుగానే నెమ్మదిగా కదిలేవాడు అక్కడ ఇంకా పనికిరాడు. మూడోది రన్నర్ వేగం: థర్డ్ మీద ఉన్నది బరువైన క్యాచర్ అయితే మామూలు లోతు నుంచి కూడా వాణ్ని ఆపగలరు.

స్ట్రాట్-ఓ-మ్యాటిక్ అనే కార్డులూ పాచికల ఆట ఆడేవాళ్లకి ఈ ధర కార్డు మీదే కనబడుతుంది. కొన్ని గ్రౌండర్ ఫలితాల పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి, ఇన్‌ఫీల్డ్ ముందుంటే ఆ ఔట్ కాస్తా సింగిల్ అయిపోతుంది. బ్యాటర్ కార్డులో ఆ గుర్తులు ఎన్నున్నాయో చూసి నిర్ణయం తీసుకోవచ్చు. 1961 నుంచి ఉన్న ఆట ఇది, అయినా ఈ ఒక్క విషయంలో చాలా కంప్యూటర్ సిమ్‌ల కన్నా నిజాయితీగా ఉంటుందని నా అభిప్రాయం: ఏం పోగొట్టుకుంటున్నారో ముందే చూపిస్తుంది.

ఫస్ట్, థర్డ్ మీద రన్నర్లు: డబుల్ ప్లేనా, ఇంటికి విసరడమా

నాకు అన్నిటికన్నా సరదాగా అనిపించేది ఈ సందర్భమే. ఒక ఔట్ ఉంటే డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు ఔట్లు) పడిందా, ఇన్నింగ్ అయిపోయింది, పరుగూ లేదు. ఇన్‌ఫీల్డ్ ముందుండి రన్నర్‌ని హోమ్ దగ్గర ఔట్ చేసినా ఇంకా ఇద్దరు రన్నర్లు మిగులుతారు, ఇంకో బ్యాటర్‌ని ఎదుర్కోవాలి. కాబట్టి ఆట తొలి ఆరేడు ఇన్నింగ్‌లలో, బ్యాటర్ నెమ్మదిగా పరిగెత్తేవాడై, పిచ్చర్ గ్రౌండర్ రకమైతే, డబుల్ ప్లే లోతు తప్ప ఇంకోదాని జోలికి వెళ్లొద్దు. బ్యాటర్ వేగంగా పరిగెత్తేవాడైతే, ముఖ్యంగా ఎడమచేతి వాటం అయితే, డబుల్ ప్లే పూర్తయ్యే అవకాశం బాగా తగ్గుతుంది. అప్పుడు పనికొచ్చేది ‘కార్నర్స్ ఇన్’: ఫస్ట్, థర్డ్ బేస్‌మన్‌లు ముందుకి, మధ్యలో ఇద్దరూ డబుల్ ప్లే లోతులోనే. అంచుల మీదికి మెల్లగా వచ్చిన బంతిని ఇంటికి విసురుతారు, మధ్యలోకి గట్టిగా వచ్చినదాన్ని డబుల్ ప్లేకి తిప్పుతారు. బంట్ (బంతిని బ్యాట్‌తో మెల్లగా తట్టడం) అనుమానం ఉన్నా ఇదే సరైనది. అన్ని గేముల్లో ఈ ఆప్షన్ విడిగా ఉండదు, ఉన్న గేముల్లో జనం వాడేది తక్కువ. పాపం దీన్ని ఎవరూ పట్టించుకోరు.

బేసులు నిండి ఉంటే హోమ్ దగ్గర ట్యాగ్ (బంతితో రన్నర్‌ని తాకడం) చేయక్కర్లేదు, ప్లేట్ మీద కాలు పెట్టి బంతి పట్టుకుంటే చాలు, అందువల్ల ఇన్‌ఫీల్డ్ ముందుకి తేవడం కొంచెం చవకవుతుంది. అయినా మ్యాచ్ చివర్లో తప్ప డబుల్ ప్లే లోతే నయం.

ఫస్ట్ మీద ఒక్కడే ఉండి రెండు కన్నా తక్కువ ఔట్లుంటే చాలా సిమ్‌లు తమంతట తామే డబుల్ ప్లే లోతుకి వెళ్తాయి, దాన్ని వదిలేయండి.

రన్నర్‌ని పట్టి ఉంచాలా, వదిలేయాలా

రన్నర్‌ని పట్టి ఉంచడానికి ఫస్ట్ బేస్‌మన్ బేస్ దగ్గరే నిలబడితే ఫస్ట్‌కీ సెకండ్‌కీ మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది. లాగి కొట్టే (తను నిలబడ్డ వైపుకే కొట్టే) ఎడమచేతి బ్యాటర్‌కి అది నేరుగా ఆహ్వానం. ఇక్కడ కూడా లెక్క వేయొచ్చు. ఔట్లు లేనప్పుడు ఫస్ట్ నుంచి సెకండ్‌కి దొంగిలిస్తే (బ్యాటర్ బంతి కొట్టకుండానే పరిగెత్తి బేస్ పట్టేస్తే) విలువ 0.86 నుంచి సుమారు 1.10కి పెరుగుతుంది, దొరికిపోతే 0.25కి పడిపోతుంది. అంటే వందకి 72 సార్లు సఫలమైతే గానీ దొంగతనం వాళ్లకి గిట్టుబాటు కాదు. అంతకన్నా తక్కువ సఫలత ఉన్న రన్నర్ పరిగెత్తాలనుకుంటే పరిగెత్తనివ్వండి, మీ క్యాచర్ చూసుకుంటాడు, ఫస్ట్ బేస్‌మన్‌ని వెనక్కి పంపండి. రన్నర్ పక్కా దొంగ అయితేనో, స్కోరు దగ్గరగా ఉంటేనో మాత్రం పట్టి ఉంచాల్సిందే. నాలుగైదు పరుగుల ఆధిక్యంలో ఉండి కూడా రన్నర్‌ని పట్టుకుని కూర్చోవడం అనవసరమైన టెన్షన్.

మీ గేము ఏ సంవత్సరపు నిబంధనలతో నడుస్తోందో కూడా చూసుకోండి. 2023లో మేజర్ లీగ్ బేసుల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచింది, పిచ్చర్ ఒక్కో బ్యాటర్‌కి రెండుసార్లు మాత్రమే రబ్బర్ (పిచ్చర్ కాలు పెట్టే పలక) మీంచి దిగొచ్చు, మూడోసారి దిగి రన్నర్‌ని ఔట్ చేయలేకపోతే బాక్, అంటే రన్నర్లకి ఒక్కో బేస్ ఉచితం. దాంతో 2022లో 2,486 ఉన్న దొంగిలించిన బేసులు 2023లో 3,503కి ఎగిశాయి, సఫలత 80 శాతం దాటింది. అలాంటి సీజన్‌లో వేగమైన రన్నర్లని పట్టించుకోకుండా వదిలేస్తే ఖరీదు ఎక్కువే. అదే 1950ల నాటి సీజన్ ఆడుతుంటే దొంగతనాలే తక్కువ, సగం మందిని పట్టి ఉంచాల్సిన పనే లేదు.

షిఫ్ట్: మీ గేములో ఉందా, ఉంటే నిజంగా పనిచేస్తోందా

1946 జులైలో క్లీవ్‌లాండ్ మేనేజర్ లూ బూడ్రో, బ్యాటర్ టెడ్ విలియమ్స్ కోసం దాదాపు ఫీల్డర్లందర్నీ కుడివైపుకి జరిపినప్పటి నుంచి ఈ ఆలోచనకి బాగా పేరొచ్చింది. 2010 తర్వాత టీములు బంతి ఎక్కడికి వెళ్తోందో డేటా చూసి విచ్చలవిడిగా వాడాయి, చివరికి 2023లో లీగ్ కట్టడి చేసింది: సెకండ్ బేస్‌కి రెండువైపులా ఇద్దరేసి ఇన్‌ఫీల్డర్లు ఉండాలి, నలుగురి కాళ్లూ ఇన్‌ఫీల్డ్ హద్దులోపలే ఉండాలి. ఇప్పటి సీజన్లు ఆడేవాళ్లకి మిగిలింది నాలుగడుగులు అటూఇటూ జరగడమే, దాని గురించి ఎక్కువ ఆలోచించకండి. పాత సీజన్లు గానీ, నిబంధనలు మీరే పెట్టుకునే కల్పిత లీగ్ గానీ ఆడుతుంటే షిఫ్ట్ నిజమైన ఆయుధం. ఎడమచేతి వాటం, నేల మీద బంతిని లాగి కొట్టే అలవాటు, నెమ్మదైన కాళ్లు, ఈ మూడూ ఉన్న బ్యాటర్ మీద మొహమాటం లేకుండా వాడండి. కుడిచేతి బ్యాటర్ల మీద లాభం తక్కువ, ఎందుకంటే ఫస్ట్ బేస్‌మన్ త్రో అందుకోవడానికి తన బేస్‌కి చేరువలోనే ఉండాలి, అందువల్ల అటువైపు నుంచి ఎక్కువ జరపలేరు. సెకండ్ మీద వేగమైన రన్నర్ ఉండి థర్డ్ బేస్ దగ్గర ఎవరూ లేకపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

అసలు అనుమానం వేరే ఉంది. కొన్ని గేముల్లో తెర మీద ఫీల్డర్లు కదులుతారు గానీ లోపల ఇంజిన్ ఆ బ్యాటర్ బంతిని ఎటు కొడతాడన్నది లెక్కలోకి తీసుకోదు, ఏదో ఒక చిన్న శాతం మారుస్తుంది అంతే. ఔట్ ఆఫ్ ది పార్క్ లాంటి మేనేజ్‌మెంట్ గేములో తెలుసుకోవడం సులువు: అదే లీగ్ ఫైలుని కాపీ చేసుకుని, మీ టీమ్ షిఫ్ట్ సెట్టింగ్ ఒక్కటే మార్చి, రెండింటినీ చాలా సీజన్లు వేగంగా నడిపి, ఎదురు టీములు నేల మీద కొట్టిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయో పోల్చండి. ఒక్క సీజన్ చూసి నమ్మేయొద్దు, అదృష్టం వల్లే అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది. రెండు సెట్టింగ్‌లూ ఒకటే అని తేలితే ఆ ఆప్షన్‌ని అలంకారంగా వదిలేసి లైనప్ మీద సమయం పెట్టండి. ఎమ్‌ఎల్‌బీ ది షో లాంటి చేత్తో ఆడే గేము వేరు, అక్కడ ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడో బంతి అక్కడికి నిజంగా వస్తుందో లేదో మీ కళ్లతోనే చూస్తారు, కానీ పిచ్‌ల మధ్య ఉన్న సమయం తక్కువ కాబట్టి ఒకటి రెండు సెట్టింగ్‌లకి మించి వాడలేరు. అక్కడ నా ఎంపిక ఇన్‌ఫీల్డ్ ఇన్, ఔట్‌ఫీల్డ్ లోతు, అంతే.

ఒక మాట: పొజిషన్ ఎంత తెలివిగా పెట్టినా అక్కడ నిలబడ్డవాడు బలహీనుడైతే ఉపయోగం లేదు. స్ట్రాట్‌లో పిచ్చర్ కార్డు మీద 108 అవకాశాల్లో ఫీల్డర్ రేటింగ్ తేల్చేవి 30, వాటిలో షార్ట్‌స్టాప్‌కి 7, సెకండ్ బేస్‌మన్‌కి 6 వస్తాయి, లెఫ్ట్ ఫీల్డ్‌కి 2. మంచి గ్లోవ్ (ఫీల్డర్) ఒక్కటే ఉంటే ఎక్కడ పెట్టాలో ఇక అడగక్కర్లేదు.

లైన్లు కాపాడటం, ఔట్‌ఫీల్డ్ వెనక్కి పంపడం

తొమ్మిదో ఇన్నింగ్, ఒక పరుగు ఆధిక్యం, ఫస్ట్, థర్డ్ బేస్‌మన్‌లు లైన్‌కి అతుక్కుని నిలబడటం. టీవీలో చూసీ చూసీ ఇది ఆచారంలా తయారైంది. లైన్ వెంట వెళ్లి డబుల్ (బ్యాటర్ సెకండ్ చేరే హిట్) కావలసిన బంతి ఆగుతుంది, నిజమే, కానీ థర్డ్‌కీ షార్ట్‌కీ మధ్య సందులో వెళ్లే బంతులు లైన్ వెంట వెళ్లేవాటి కన్నా చాలా ఎక్కువ. ఔట్లు లేనప్పుడు ఒక ఔట్ పోయి సింగిల్ అయితే 0.25 బదులు 0.86, పెద్ద దెబ్బే. కాబట్టి ఆ ఇన్నింగ్ మొదట్లో వద్దు. రెండు ఔట్లయి బేసులు ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం సరే, ఎందుకంటే అప్పుడు సింగిల్ ఇచ్చినా వాళ్లకి స్కోరు సమం చేయడానికి ఇంకా చాలా కావాలి, డబుల్ ఇస్తే ఒక్క సింగిల్ చాలు.

ఔట్‌ఫీల్డ్ లోతుకి కూడా ఇంచుమించు ఇదే తర్కం, ఒక్క మెలిక ఉంది. స్కోరు సమం చేసే రన్నర్ ఫస్ట్ మీద ఉంటే వెనక్కి పంపండి, డబుల్ ఆపితే వాడు ఆగుతాడు. వాడు సెకండ్ మీద ఉంటే వెనక్కి పంపడం పొరపాటు, మామూలు సింగిల్ మీదే ఇంటికి వచ్చేస్తాడు. అప్పుడు ఔట్‌ఫీల్డర్లు కాస్త ముందుకొచ్చి ఉండాలి, చేతిలో బలం ఉన్నవాడైతే ఇంకా మంచిది. ఈ తేడా తెలియకుండా ‘నో డబుల్స్’ నొక్కి మ్యాచ్ పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

ఇక అదనపు ఇన్నింగ్‌లు. 2020 నుంచి మేజర్ లీగ్‌లో, ప్లేఆఫ్స్‌లో తప్ప, పదో ఇన్నింగ్ నుంచి ప్రతిదీ సెకండ్ మీద రన్నర్‌తో మొదలవుతుంది, 2023లో అది శాశ్వత నిబంధన అయింది, కొత్త సీజన్ల సిమ్‌లలో సాధారణంగా అదే ఉంటుంది. సొంత మైదానంలో ఉండి పదో ఇన్నింగ్ మొదటి సగంలో ఫీల్డింగ్ చేస్తుంటే ఆ రన్నర్ గురించి కంగారు పడొద్దు, మీకూ తర్వాత సెకండ్ మీద రన్నర్ దొరుకుతాడు, ఒక పరుగు పోతే పోనిచ్చి రెండోది రాకుండా చూడండి, ఔట్లు లేకుండా వాడు థర్డ్ చేరినా ఇన్‌ఫీల్డ్ మామూలు లోతులోనే ఉంచండి. బయటి టీమ్‌గా రెండో సగంలో, స్కోరు సమంగా ఉండి ఫీల్డింగ్ చేస్తుంటే పైన వేసిన లెక్కలన్నీ పక్కన పెట్టేయండి, ఎందుకంటే ఒక్క పరుగు వస్తే మ్యాచ్ అయిపోయినట్టే, రెండో పరుగు, మూడో పరుగు అనేవే లేవు. రెండు కన్నా తక్కువ ఔట్లుండి రన్నర్ థర్డ్ మీద ఉంటే ఇన్‌ఫీల్డ్ అంతా ముందుకి, ఔట్‌ఫీల్డ్ కూడా ముందుకి, హోమ్‌కి విసరగలిగినంత దూరంలో. అంతకన్నా లోతుగా వెళ్లిన బంతి పట్టుకున్నా రన్నర్ వచ్చేస్తాడు కాబట్టి అక్కడ ఎవరూ ఉండక్కర్లేదు. మీ గేము ఒప్పుకుంటే ఒక ఔట్‌ఫీల్డర్‌ని ఐదో ఇన్‌ఫీల్డర్‌గా కూడా తెచ్చుకోవచ్చు, షిఫ్ట్ నిబంధన దాన్ని ఆపదు. ఒప్పుకోకపోతే, ఫస్ట్, సెకండ్ ఖాళీగా ఉంటే తర్వాతి ఇద్దరికీ కావాలనే వాక్ (ఉచితంగా ఫస్ట్ బేస్) ఇచ్చి బేసులు నింపండి, హోమ్ దగ్గర ట్యాగ్ చేసే పని తప్పుతుంది. ఆ మూడో బ్యాటర్ ఎవరో మాత్రం ముందు చూసుకోండి.